పిడికెడు గోడ

అనగనగా అని ఒక్కసారి అంటే ఈ కథకు చాలదు. అనగనగా, దానికి ముందు ఇంకో అనగనగా, మీ ముత్తాతకు పాలపళ్లయినా ఊడని కాలంలో, ఏటి ఒడ్డున ఒక పల్లె ఉండేది. ఆ పల్లెలో చర్చి ఉంది, చర్చికి గంట ఉంది. బడి మాత్రం లేదు.

చర్చిలో ఒక ముసలి గురువు ఉండేవాడు. ఒక ఆదివారం పూజ అయ్యాక ఆడవాళ్లందరినీ ఆగమన్నాడు.

"అమ్మా, బడి కట్టాలి. నా దగ్గర ఏమీ లేదు. మీరు అన్నం వండుకునేటప్పుడు పిడికెడు బియ్యం పక్కన పెట్టండి. గోడలు కట్టేవాళ్లకు ఆ బియ్యం వండి పెడదాం. బడి లేచాక మాత్రం ఒకటే మాట. ఎవరూ పిలవని బిడ్డ ముందు లోపలికి రావాలి. మిగతా బిడ్డలు ఆ వెనక."

ఆ పల్లెలోనే ఇన్నాసమ్మ ఉండేది. మొగుడు లేడు, పిల్లలు లేరు, సెంటు భూమి లేదు. కోతలయ్యాక ఊళ్లోవాళ్ల చేలల్లో రాలిన వెన్నులు ఏరుకుని, దంచుకుని, గంజి కాచుకునేది. అయినా రోజూ పిడికెడు తీసి పక్కన పెట్టింది.

"ఒసేయ్, నువ్వు తినేదే పిడికెడు. అందులోనూ తీస్తే నీకేం మిగుల్తుందే?" అని పక్కింటామె నవ్వింది.

"ఆకలి మిగుల్తుంది. అది నాకు అలవాటేలే," అంది ఇన్నాసమ్మ.

ఆడవాళ్లు పిడికెడు పిడికెడు తీశారు. మగవాళ్లు మట్టి తొక్కి గోడలు పెట్టారు. బడి లేచింది. గురువు చల్లగా కన్నుమూశాడు.

ఏళ్లు గడిచాయి. బడి పేరు చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ పాకింది. గోడకు సున్నం పడింది, వాకిలికి గేటు పడింది, గేటుకు కాపలా పడింది. పిల్లలు గూడుబళ్లలో వచ్చి దిగుతున్నారు. పరీక్షల్లో ఒక్కరూ తప్పరు. ఎలా తప్పుతారు? తప్పేలా ఉన్నవాళ్లను అసలు లోపలికి రానిస్తే కదా! ఇక్కడికొచ్చేసరికి నాకు ఒళ్లు మండుతుంది. కాసిని మంచినీళ్లివ్వండి, చెబుతాను.

ఆ ఏడాది బాతులు మేపేవాళ్లు ఏటి ఒడ్డున గుడారం వేశారు. వాళ్ల పిల్ల నాంచారి. మన ఊరు కాదు, మన మతం కాదు, మనవాళ్లెవరికీ ఏమీ కాదు. ఇన్నాసమ్మ వెంట తిరుగుతూ వెన్నులు ఏరేది. ఒకరోజు గంట మోగితే, "అవ్వా, ఆ లోపల ఏం చేస్తారు?" అని అడిగింది.

"పద, చూద్దాం," అంది ఇన్నాసమ్మ.

మొదటిసారి వెళ్లారు. కాపలావాడు గేటు తియ్యలేదు. "ఏంది ముసలమ్మా, ఆ బురద కాళ్లేంది, ఆ పిల్లేంది? పో, పో," అన్నాడు.

రెండోసారి వెళ్లారు. బడిని నడిపే పెద్ద సిస్టరమ్మే బయటికి వచ్చింది. చెడ్డ మనిషేం కాదు. పాపం, బడి బరువంతా ఆమె నెత్తినే ఉంది.

"మామ్మా, నా బాధ కూడా విను. ఈ పిల్ల రేపు బాతుల వెనక పోతుంది. పరీక్ష తప్పుతుంది. బడికి పేరు పోతే ఆ గూడుబళ్లు వెనక్కి తిరుగుతాయి. ఇక పంతుళ్లకు జీతాలెక్కడివి? బడే మూతపడితే ఎవరికి లాభం?"

ఇన్నాసమ్మ అంతా విన్నది. ఆ మాటల్లో అబద్ధం లేదు. అయినా ఆమెకు మింగుడుపడలేదు.

మూడోసారి వెళ్లారు. ఈసారి ఇన్నాసమ్మ చేతిలో కొడవలి ఉంది.

"మళ్లీ ఏంటి మామ్మా?"

"నా పిడికెడు నాకిచ్చెయ్యండమ్మా."

"ఎప్పటి బియ్యం అవి! తినేశారుగా."

"తిన్నోళ్లు పెట్టిన గోడ ఇదేగా. గోడే తీసుకుపోతా. ఎక్కువొద్దు, పిడికెడు చాలు."

కొడవలి మొనతో సున్నం గీకింది, మట్టి తవ్వింది, పిడికెడు తీసి కొంగున ముడేసుకుంది. గోడకు చిన్న కంత పడింది. నాంచారి ఆ కంతకు కన్ను ఆనించి నిలబడింది. లోపల పిల్లలు పలకల మీద అక్షరాలు దిద్దుతుంటే, బయట ఈ పిల్ల ఇసుకలో దిద్దింది.

సిస్టరమ్మ కంత పూడ్పించింది. ఇన్నాసమ్మ మళ్లీ తవ్వింది.

"ఒక్క పిడికెడే అన్నావు కదా మామ్మా!"

"నేనిచ్చింది ఒక్కరోజేనా తల్లీ?"

సిస్టరమ్మ మళ్లీ పూడ్పించింది. ఇన్నాసమ్మ మూడోసారి తవ్వడానికి వచ్చింది, ఈసారి ఒంటరిగా రాలేదు. ఆమె వెనక ఊళ్లో ఆడవాళ్లంతా కొడవళ్లతో బారులు తీరారు. అప్పుడు నవ్విన పక్కింటామె అందరికంటే ముందుంది.

"మా పిడికెడు మాకిచ్చెయ్యండి!" అన్నారు.

సిస్టరమ్మ గోడకు అడ్డంగా నిలబడింది. "అందరూ తవ్వితే గోడ కూలిపోతుంది. గోడ కూలితే బడెక్కడుంటుంది?"

"చెట్టుకింద ఉంటుంది," అంది ఇన్నాసమ్మ. "ఈ పిల్లను బయటబెట్టి నువ్వు గోడ నిలబెట్టుకుంటే, అది బడి కాదమ్మా. ఉత్త గోడ."

గోడ దగ్గర నాంచారి ఈ గొడవ వినడం లేదు. పూడ్చిన చోట తడి మట్టిని వేలితో తొలుచుకుంటోంది, లోపలికి చూద్దామని. సిస్టరమ్మ ఆ వేలు చూసింది. తనే వెళ్లి గేటు తీసింది. ఆ పిల్ల చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి ముందు బల్ల మీద కూర్చోబెట్టింది. ఆ వేలు తొలిచిన కంతను మళ్లీ పూడ్పించలేదు.

"మరి పరీక్ష తప్పితేనో?" అన్నాడు కాపలావాడు.

"తప్పనీ," అంది సిస్టరమ్మ.

తప్పింది కూడా! కొన్ని గూడుబళ్లు వెనక్కి తిరిగాయి. పంతుళ్లతో పాటు సిస్టరమ్మ కూడా ఆ ఏడు గంజే తాగింది. బడి మాత్రం మూతపడలేదు. మరుసటేడు బాతులు తిరిగొచ్చాయి, నాంచారి తిరిగొచ్చింది, వెంట చెల్లెళ్లనూ తెచ్చుకుంది. ఆ తర్వాత పాసయిందా అని నన్నడక్కండి. పాసయిందని చెబితేనే మీకు తృప్తి అంటే, ఇంతసేపూ నేను చెప్పింది గోడకు చెప్పినట్టే.

ఒక కోతల కాలంలో ఇన్నాసమ్మ చేలోనే ఒరిగిపోయింది. కొంగు ముడి విప్పి చూస్తే గోడ మట్టి ఉంది. తిరిగి కంతలో పెట్టేద్దామన్నారు కొందరు. "వద్దు. అది ఆమెది, ఆమెనే తీసుకుపోనివ్వండి," అని సిస్టరమ్మ బోరున ఏడ్చింది. ఆ మట్టి ఆమెతోనే సమాధిలోకి పోయింది.

అందుకే ఇప్పటికీ ఆ బడికి సున్నం వేసేవాళ్లు ఆ కంత జోలికి పోరు. ఏటా బడి తెరిచే రోజున పెద్ద సిస్టరమ్మ ఎవరైనా సరే, ముందు ఆ కంతలో చెయ్యి పెట్టి, "ఈ ఏడు ఎవరు బయట ఉండిపోయారు?" అని అడగాలి. ఆ బిడ్డను వెతికి తెచ్చి ముందు బల్ల మీద కూర్చోబెట్టేదాకా గంట కొట్టరు.

ఎప్పుడైనా ఒక సిస్టరమ్మ మరిచిపోయినా, మరిచిపోయినట్టు నటించినా, గేటు దగ్గర ఆడవాళ్లు కేకలెయ్యరు, దండాలు పెట్టరు. ఒక్కటే అడుగుతారు:

"కొడవలి తెమ్మంటారా?"

అన్ని కథలూ కంచికి పోతాయట, పోనివ్వండి. ఈ కథ మాత్రం పోదు. దీనికి ఆ గోడ దగ్గర ఇంకా పని ఉంది.