నాంచారి నీళ్ళు

ఏమర్రా, గొడుగు నీడలో నిలబడి మంచినీళ్ళు తాగితే ఏమవుతుంది? ఏమీ కాదు కదా! ఆపాటి మాట తెలియక ఒక ఊరు ఊరంతా ఏం చేసిందో వినండి.

అనగనగా, మన తాతల తాతలు కూడా పుట్టకముందు, ఒక ఊళ్ళో నాంచారి అని వడ్లు దంచుకుని బతికే మనిషి ఉండేది. గ్రహణం వచ్చిందంటే ఆమె రోకలికి గిరాకీ. పళ్ళెంలో నీళ్ళు పోసి మధ్యలో రోకలి నిలబెట్టేవారు. అది నిలబడినంతసేపూ గ్రహణం ఉన్నట్టు, పడితే విడిచినట్టు. అడుగు చదునుగా ఉన్న రోకలి ఏ రోజైనా నిలబడుతుందర్రా! మామూలు రోజున ఎవరైనా నిలబెట్టి చూశారా? చూడలేదు.

ఒక ఎండాకాలం, పట్టపగలు సూర్యగ్రహణం పట్టింది. కామందుగారింట్లో రోకలి నిలబెట్టి, నాంచారిని కాపలా కూర్చోబెట్టారు. ఆ ఇంటి కోడలు తాయారు నిండు చూలాలు. బిడ్డకి మొర్రి వస్తుందని ఆ పిల్లని గదిలో పెట్టి, బయట గొళ్ళెం వేసి, తాళం పెట్టి, కిటికీ సందుల్లో గుడ్డలు కుక్కారు. పొద్దుటినుంచీ చుక్క నీళ్ళివ్వలేదు.

"నాంచారమ్మా, దాహం" అంది తాయారు లోపల్నుంచి.

నాంచారి తాయారు అత్తగారి దగ్గరికెళ్ళింది. "అమ్మగారూ, పిల్ల దాహమంటోంది."

"గ్రహణం విడవనీ."

తాయారు మొగుడి దగ్గరికెళ్ళింది. "అబ్బాయిగారూ, గొంతు పీలగా వస్తోంది."

"అమ్మ చెప్పిందిగా! గ్రహణం విడవనీ."

అరుగు మీద జపం చేసుకుంటున్న పంతులుగారి దగ్గరికెళ్ళింది. "బాబూ, ఇప్పుడు గొంతే రావడం లేదు."

"వడ్లు దంచేదానివి, నీకెందుకే శాస్త్రం? గ్రహణం విడవనీ."

"శాస్త్రం నాకు తెలీదు బాబూ. నోరెండిన మనిషి తెలుసు."

గిరుక్కున తిరిగొచ్చి రోకలి ఎత్తింది.

"అయ్యో, రోకలి తీసేసింది! గ్రహణం ఇంక విడవదు!" అని అత్తగారు గుండెలు బాదుకుంది.

"విడవకపోతే అప్పుడు చూసుకుందాం లెండి!"

ఒక పోటు. రెండో పోటు. మూడో పోటుకి గొళ్ళెం ఊడింది. తాయారు నేల మీద సోలిపోయి ఉంది. పళ్ళెంలో నీళ్ళు మొహాన చల్లి, బిందెలో నీళ్ళు గుక్కగుక్కగా తాగించింది. పిల్ల కళ్ళు తెరిచింది.

పైన చంద్రుడు ఆగాడా? ఆగలేదు. భూమికీ సూర్యుడికీ మధ్య నడుస్తూ కాసేపు అడ్డం వచ్చాడు, నీడ పడింది, తన దారిన తాను జరిగిపోయాడు. గ్రహణాన్ని వట్టి కళ్ళతో చూడకూడదు, అది నిజం. కళ్ళకి చేటు. గొంతుకేం చేటర్రా?

పండులాంటి బిడ్డ పుట్టాడు. మొర్రి లేదు, మచ్చ లేదు. నాంచారికి చీర పెట్టారా? పెట్టలేదు. ఒక్క మంచిమాట అన్నారా? అనలేదు. పైగా రోకలి కదిపిన చేతులని, ఆమె దంచిన బియ్యం వండుకోవడం మానేశారు. ఊరి ప్రాణం ఒకటి నిలబెట్టిన మనిషి గంజికి కూడా లేక చచ్చిపోయింది. తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది!

ఏళ్ళు గడిచి మళ్ళీ గ్రహణం వచ్చింది. అప్పటికి ఆ ఇంటికి తాయారే అత్తగారు. బిందె చంకనేసుకుని ఇల్లిల్లూ తిరిగి, గొళ్ళేలు తనే తీసింది. "అత్తా, గ్రహణం విడవనీ" అని ఒక చూలాలు జంకితే, "నాంచారి ఇచ్చిన నీళ్ళు తాగి నేను బతికాను. తాగవే!" అని కసిరింది.

ఈనాటికీ ఆ ఊళ్ళో గ్రహణం పట్టగానే మొదటి చెంబు చూలాలికే. "నాంచారి నీళ్ళు, తాగమ్మా" అని చేతికిస్తారు.

సరే, లేవండి. చింతపండు సగమే గింజలు తీశాను, మిగతాది తీసుకోవాలి.