గోరువంకల వంతులు

కాలవ గట్టున ఒక పాత మోటారు కొట్టు ఉంది. దాని గోడలో ఇటుక ఊడిపోయిన చోట గోరువంకల జంట కాపురం పెట్టింది. ఆడపిట్ట ముత్యాలు, మగపిట్ట సింహాద్రి. గూట్లో నీలంరంగు గుడ్లు నాలుగు. ఒకరు పొదుగుతుంటే ఇంకొకరు మేతకు వెళ్ళేవారు. ఇద్దరూ ఒకేసారి కదలడానికి లేదు, ఎందుకంటే ఎదురుగా కరెంటు తీగ మీద లింగమూర్తి అనే కాకి ఎప్పుడూ కాపు వేసి ఉంటాడు. గుడ్లంటే వాడికి ప్రాణం.

కొట్టు పక్కన కైలాసం అనే ముసలి ఎద్దు మేస్తూ ఉండేవాడు. చేలోకి పోయే ముందు గోరువంకలు విడివిడిగా ఆయన వీపు మీద వాలి, పిడుదులు ఏరుకుంటూ ఎవరి గోడు వాళ్ళు వెళ్ళబోసుకునేవారు.

"పొద్దున్నించి కడుపు కాలుతూ కూచుంటాను తాతా. ఆయనగారు ఎండ నెత్తికెక్కాక దిగబడతాడు. ఎందుకాలస్యమైందో చెప్పడు" అనేది ముత్యాలు.

"నేనిలా గూట్లో కాలు పెడతానో లేదో, అలా తోక చూపించి ఎగిరిపోతుంది తాతా. తిన్నావా అని ఒక్క మాట అడగదు" అనేవాడు సింహాద్రి.

ఒకరి మాట ఇంకొకరికి చేరవేసే అలవాటు కైలాసానికి లేదు. కానీ దిగులు పట్టుకుంది. పోయిన నెలలో గూటి వాకిట్లో ఒకటే కబుర్లు వినిపించేవి. ఇప్పుడు వంతు మారేటప్పుడు చప్పుడే లేదు.

"ఇద్దరూ కూచుని మాట్లాడుకోండమ్మా, నేను పక్కనుంటాను" అన్నాడు ముత్యాలుతో.

"ఇంత చిన్నదానికా? మేమేమన్నా కొట్టుకున్నామా? నలుగురికీ తెలిస్తే నవ్విపోరూ?"

"నా మెడ చూడు. కాడి ఒరుసుకుని వెంట్రుకలు రాలడం మొదలవగానే మా రైతు గుడ్డ చుట్టాడు. నా జోడు ఎద్దును ఎవరూ చూసుకోలేదు. పుండు పడ్డాక మందు రాశారు. ఆ ఏడు దుక్కికి వాడు లేడు."

ముత్యాలు విననట్టే ఎగిరిపోయింది.

లింగమూర్తికి ఇదంతా పండగలా ఉంది. తగువు దానంతటది ముదిరేదాకా ఆగే ఓపిక లేక, కాస్త ఎగదోశాడు. ముందు ముత్యాలు దగ్గర వాలాడు.

"అమ్మాయ్, నీ మొగుడు కాలవ అవతల షికార్లు కొడుతున్నాడు. రేపు వాడి కోసం చూడకు. ఎండ నెత్తికెక్కగానే ఎగిరిపో. బుద్ధొస్తుంది."

తర్వాత సింహాద్రిని పట్టుకున్నాడు.

"అల్లుడూ, రేపు పొద్దువాలేదాకా ఇంటికి పోకు. అప్పుడు తెలుస్తుంది దానికి నీ విలువ. ఆ ఎద్దు దగ్గర మాత్రం ఏమీ చెప్పుకోకండి. మొగుడూ పెళ్ళాల మధ్య మూడోవాడు దేనికి?"

ఆ మాట అంటున్నది మూడోవాడేనని సింహాద్రికి తట్టలేదు. కోపంలో ఉన్నవాడికి ఏం తడుతుంది పాపం!

ఆ మధ్యాహ్నం కైలాసమే కదిలాడు. గూడు వదిలి ఇద్దరూ రాలేరు గనక, వీపు గోక్కునే వంకతో వెళ్ళి కొట్టు గోడకు ఆనుకున్నాడు. సరిగ్గా వంతు మారే వేళ. ముత్యాలు ఎగరబోతోంది.

"ఆగమ్మా. ఒకరి తర్వాత ఒకరు, మనసులో ఉన్నది చెప్పండి. నాతో కాదు, మీలో మీరు. ఒకరు చెబుతుంటే ఇంకొకరు అడ్డురాకూడదు."

ఇద్దరూ చాలాసేపు ఈకలు సవరించుకున్నారు. చివరికి ముత్యాలు నోరు విప్పింది.

"రోజూ ఎందుకాలస్యం చేస్తావు?"

"మొక్కజొన్న చేలో మందు కొట్టారు. పురుగన్నది లేదు. కాలవ దాటి పోతున్నాను. చెబితే నువ్వు భయపడతావని చెప్పలేదు."

ముత్యాలు గొంతు తగ్గింది. "నేను తోక చూపించి పోవడం కాదు మావా. తొందరగా తిని తొందరగా వద్దామని. గుడ్ల మీద నీకు సరిగా కూచోవడం రాదు."

"ఎందుకు రాదూ?"

"అడ్డు రావద్దన్నాను" అన్నాడు కైలాసం.

"రేపు నువ్వు రాకముందే ఎగిరిపోదామనుకున్నాను" అంది ముత్యాలు, తలొంచుకుని.

సింహాద్రి గూట్లోకి ఒక అడుగు వేశాడు. "నేను రేపు పొద్దువాలేదాకా రాకూడదనుకున్నాను."

ఇద్దరూ గుడ్ల వైపు చూశారు.

"నీకెవరు చెప్పారు?" అని ఇద్దరూ ఒకేసారి అడిగారు. ఆ తర్వాత తీగ వైపు చూశారు.

మర్నాడు ఎండ నెత్తికెక్కగానే ముత్యాలు రెక్కలు టపటపలాడించుకుంటూ వెళ్ళిపోయింది. లింగమూర్తి తీరిగ్గా వచ్చి కన్నంలో తల దూర్చాడు. చీకటితోనే లోపలికి చేరి కూర్చున్న సింహాద్రి, వాడి ముక్కు మీద ఒక్క పోటు పొడిచాడు. కాకి కెవ్వుమని వెనక్కి తిరిగేసరికి ముత్యాలు వచ్చి వాడి నెత్తి మీద వాలింది. ఆ రోజు కాలవ దాటి ఎగిరిపోయిన లింగమూర్తి మళ్ళీ ఆ తీగ మీద కనబడలేదు.

గుడ్లు నాలుగూ పిల్లలయ్యాయి. మొగుడూ పెళ్ళాలకు ఇప్పటికీ పేచీలొస్తాయి, కానీ వంతు మారేటప్పుడు చెప్పుకుని తేల్చుకుంటున్నారు.

కొన్నాళ్ళకు ఒక గువ్వల జంట కైలాసం వీపు మీద వాలింది.

"ఏమ్మా, ఏం గొడవ?" అన్నాడాయన.

"గొడవలేమీ లేవు తాతా" అంది ఆడగువ్వ. "వచ్చే వారం గుడ్లు పెడతాను. ఇప్పుడే ఓసారి మాట్లాడుకుందామని వచ్చాం."

కైలాసానికి కళ్ళు చెమర్చాయి. ఎన్నేళ్ళకు విన్నాడు ఆ మాట!

నీతి అడుగుతారేమో, ఇదే: ఆలుమగల మధ్య మాట తగ్గిన మొదటి వారమే, మనసున్న పెద్దను పక్కన కూచోబెట్టుకుని మాట్లాడుకోవాలి.