దుమ్ము తెలియని గుర్రం

నిన్న గుర్రప్పందెం చూసొచ్చారుగా, ఏం చూశారో చెప్పండి! పట్టు జీనులు చూశారు. వెండి గంటలు చూశారు. గొడుగుల కింద కూర్చున్న యజమానుల మీసాలు చూశారు. గుర్రం మొహం ఎవరైనా చూశారా? లేదు కదూ! అయితే కూర్చుని వినండి.

వెనకటికి, మోదుగు చెట్లు మంటల్లా పూసే ఒక అడవిలో గవ్వమ్మ అనే ముసలి గుర్రం ఉండేది. ఏటా ఎండాకాలం ఆ అడవిలో గుర్రాల పందెం జరిగేది. గెలిచిన గుర్రానికి మోదుగుపూల దండ వేసేవారు. అంతే! తర్వాత గెలిచినవాళ్ళూ ఓడినవాళ్ళూ కలిసి ఏట్లో దూకేవారు. గవ్వమ్మ పరిగెత్తిన రోజుల్లో, జుంటయ్య అనే ఎలుగుపిల్ల ఆమె తోక వెనకే ఉరికేవాడు. నోటినిండా దుమ్ము, ఆ దుమ్ములోంచి నవ్వు. ఆ నవ్వు గవ్వమ్మ చెవుల్లో ఇంకా ఉంది.

రోజులు మారాయి. జుంటయ్య పెద్ద తేనెచెట్ల ఆసామి అయ్యాడు. గొప్పవాళ్ళంతా పందెపు గుర్రాలను పెంచసాగారు. దండ గెలిచినవాడి పేరు ఏడాదంతా అడవిలో మోగేది. కిందటేడు తన గుర్రంతో దండ గెలిచిన ఏనుగు దొర పేరు మోగుతుంటే జుంటయ్యకు నిద్ర పట్టలేదు.

"అక్కా, నీ మనవణ్ణి నాకియ్యి. దండ తెస్తాను," అన్నాడు.

చిన్ననాటి స్నేహం. కాదనలేక గవ్వమ్మ, ఇంకా గుంపుతో పరుగు మొదలెట్టని తన మనవడు తూనీగను పంపింది.

మొదట జుంటయ్య కొన్ని తేనెచెట్లు కోతులకిచ్చి, కొండమీది లేతగడ్డి తెప్పించాడు.

"మన ఏటిగడ్డి చేదైపోయిందా తమ్ముడూ?" అంది గవ్వమ్మ.

"నీకేం తెలుసక్కా, ఏనుగు దొర గుర్రం ఇదే తింటోంది!"

తర్వాత ఇంకొన్ని చెట్లిచ్చి, జింకను గురువుగా పెట్టాడు.

"జింక పులికి భయపడి పరిగెడుతుందిరా. నా మనవడి వెనక పులి ఏదీ?"

"నేనున్నానుగా అక్కా!" అన్నాడు జుంటయ్య గర్వంగా.

చివరికి మిగిలిన చెట్లన్నీ ఇచ్చేసి, తూనీగ ఒక్కడే పరిగెత్తడానికి కంచె కట్టిన బాట వేయించాడు. దున్నపోతులు కడవలతో నీళ్ళు మోసి చల్లేవి. ఇంత దుమ్ము కూడా లేచేది కాదు.

ఈసారి గవ్వమ్మకు మండింది. "ఒరే, వాణ్ణి తోటిపిల్లలతో పరిగెత్తనియ్యి! నలుగురి దుమ్ము మింగకుండా గుర్రం ఎలా అవుతాడురా?"

"నా గుర్రం దుమ్ము తినడమా! ఎవరైనా వింటే నవ్వుతారు."

కంచె లోపలినుంచి తూనీగ అడిగాడు. "అమ్మమ్మా, ఏటి ఒడ్డున కేకలు వినిపిస్తున్నాయి. అక్కడేం జరుగుతోంది?"

"ఆటరా నాన్నా," అంది గవ్వమ్మ.

పందెం రోజు వచ్చింది. తూనీగ బాణంలా దూసుకుపోయాడు. జుంటయ్య గంతులేశాడు. మలుపు దగ్గర రెండు కొండగుర్రాలు తూనీగను దాటిపోయాయి. ఎర్రటి దుమ్ము గుప్పున లేచింది. తూనీగ టక్కున ఆగిపోయాడు.

"అమ్మమ్మా! లోకం ఏమైపోయింది?" అని ఏడ్చాడు.

ఏనుగు దొర పడీ పడీ నవ్వాడు. తన గుర్రం కూడా ఆ వెనకే తుమ్ముతూ నిలబడిపోయిందని అతనింకా చూసుకోలేదు! దండ ఒక కొండగుర్రం మెడలో పడింది.

"వీడి మొహం నాకు చూపించకు! నా తేనెచెట్లన్నీ మింగాడు!" అని జుంటయ్య అరిచాడు.

"మింగింది వాడు కాదు, నీ పేరు పిచ్చి!" అంది గవ్వమ్మ. మనవణ్ణి వెంటబెట్టుకుని వెళ్ళిపోయింది.

కొన్నాళ్ళకు జుంటయ్య ఏటి ఒడ్డుకు వచ్చాడు. ఒంటరిగా, కాలినడకన. గుర్రప్పిల్లలు గుంపుగా ఉరుకుతున్నాయి. దుమ్ములోంచి తూనీగ బయటపడ్డాడు. మొహమంతా ఎరుపు. తుమ్మాడు, నవ్వాడు, మళ్ళీ ఆ దుమ్ములోకే దూకాడు.

ఆ నవ్వు జుంటయ్యకు ఎప్పుడో విన్నట్టనిపించింది.

"ఎవరు గెలిచారక్కా?"

"ఎవరూ చూడలేదురా," అంది గవ్వమ్మ.

జుంటయ్య ఆమె తోక వెనకే, చిన్నప్పటిలాగే, ఇసుకలో చతికిలబడ్డాడు.

నీతి: పేరు కోసం పసివాణ్ణి పందెంలో నిలబెడితే పేరూ దక్కదు, పరుగులోని సంతోషమూ మిగలదు. ఇప్పుడు చెప్పండి, నిన్న మీరు చూసిన గుర్రం ఒక్కసారైనా నవ్విందా?