చచ్చిన పామునే చూసిన పిల్లలు

“పాము! పామొచ్చిందర్రా! పిల్లల్ని లోపలికి తోయండి!”

ముంగిసల వీధి ఆ చివర నుంచి వచ్చింది ఈ కేక. ఇంకేముంది! తల్లులు పిల్లల్ని మెడ పట్టి బొరియల్లోకి తోసేశారు. తోసి, బొరియ నోటికి రాయి అడ్డం పెట్టేశారు.

ఇదెక్కడి సంగతి అంటారా? చెబుతాను, తొందరపడకండి. చెట్ల కన్నా పుట్టలు ఎక్కువున్న అడవి ఒకటి ఉండేదిట. ఆ పుట్టల నడుమ వరసగా బొరియలు తవ్వుకుని ముంగిసలు కాపురాలు పెట్టాయి. వాటికి పెద్ద సూరప్ప. అబ్బో, మామూలు ముంగిస కాదు! ఒళ్ళంతా పాత గాట్లే. అతనితో తలపడిన పాము తిరిగి ఇంటికి పోయిందన్న మాటే లేదు.

సూరప్ప బయల్దేరబోతుంటే, రాయి సందులోంచి మనవడు రేగు మూతి బయటపెట్టాడు.

“తాతా, నేనూ వస్తా!”

“నీకింకా పాలపళ్ళు ఊడలేదురా.”

“మొదట మీసాలు రాలేదన్నావు. తర్వాత తోక పెరగలేదన్నావు. అవన్నీ అయ్యాయి. పళ్ళూ ఊడాయి, ఇదిగో చూడు!”

“అయితే ఇంకేదో రాలేదులే. పో లోపలికి!”

నవ్వుకుంటూ వెళ్ళాడు సూరప్ప. పామును చంపాడు. ఈడ్చుకొచ్చి వీధి మధ్యన పడేశాడు. అప్పుడు రాళ్ళు తీశారు. పిల్లలు బిలబిలమంటూ వచ్చి పాము మీద పడ్డారు. రేగు తోక పట్టి లాగితే, వాడి ఈడుదే జాజి, అది పడగ మీదెక్కి గెంతింది.

“మా పిల్లలకి ఎంత ధైర్యమో!” అని తల్లులు మురిసిపోయారు.

సూరప్ప అక్క పోలమ్మకు మాత్రం ఆ ముచ్చట నచ్చలేదు.

“ఒరే తమ్ముడూ, మన చిన్నప్పుడు నాన్న మనల్ని గట్టు మీద కూర్చోబెట్టి, పాముతో పోట్లాట చూడమనేవాడు. నువ్వీ రాళ్ళ పద్ధతి ఎందుకు పెట్టావురా?”

“ఆ గట్టు మీంచే కదా అక్కా, మన చిన్న తమ్ముడు జారి పాము ముందు పడ్డాడు! వీళ్ళలో ఒక్కడు కూడా అలా పోకూడదు. నేనున్నాను కదా.”

“ఎంతకాలం ఉంటావురా నువ్వు?”

సూరప్ప తోక విదిలించుకుని అవతలికి పోయాడు.

అలా రోజులు గడిచాయి. చలికాలం వచ్చింది. ఒకనాటి పొద్దున పెద్దలంతా కలిసి వాగులో పీతలు పట్టడానికి వెళ్ళారు. పిల్లలు వీధిలో ఆడుకుంటున్నారు. సూరప్ప నోటి నిండా పీతలతో తిరిగొచ్చేసరికి వీధిలో సద్దు లేదు. అంతమంది పిల్లలున్న వీధి, సద్దు లేకపోవడమేమిటి?

వీధి మధ్యలో రేగు పడి ఉన్నాడు. నోట్లోంచి నురగ. సూరప్ప నోట్లోని పీతలు కింద పడిపోయాయి. మనవడి మూతి నాకాడు. చల్లగా ఉంది.

జాజి బొరియలోంచి బయటికొచ్చి చెప్పింది. “చచ్చిన పామనుకున్నాం తాతా. మీరే చంపి పడేసి వెళ్ళారనుకున్నాం. కదలకుండా పడుంది. రేగు ఎప్పట్లాగే తోక పట్టుకు లాగాడు. అది తలెత్తింది. పాము తలెత్తుతుందని మాకెవరూ చెప్పలేదు తాతా!”

ఎదుటి పుట్టలోంచి, ముంగిసకి అందనంత లోతు నుంచి తాచుపాము గొంతు వినిపించింది. “చలికి బిగుసుకుపోయి ఎండ కాచుకుంటూ పడున్నాను సూరప్పా. ముంగిస పిల్ల అన్నాక నన్ను చూసి పారిపోవాలి, లేదా మీద పడాలి. మీవాడేమిటయ్యా, నా తోక పట్టుకుని ఆడుకున్నాడు?”

ఆ మాట సూరప్పకి కాటు కన్నా లోతుగా దిగింది.

రేగుని మట్టి చేశాక అందరూ గుమిగూడారు. బసవన్న అనే గడుసు ముంగిస లేచాడు.

“ఇంకా పెద్ద రాళ్ళు తెద్దాం. ఇకమీదట ఎప్పుడూ పెట్టే ఉంచుదాం. పూర్తిగా ఎదిగాకే పిల్లలు బయటికి రావాలి.”

చాలామంది తలలూపారు. సూరప్పకి కూడా అదే బాగుందనిపించింది. ఇంకో పిల్లను అలా చూడలేడు మరి. ఊ అనబోయాడు.

అంతలో రేగు తల్లి రత్తమ్మ అడిగింది. “చీకట్లో కూర్చుంటే ఏం ఎదుగుతారు మామయ్యా? నా కొడుక్కి ధైర్యం తక్కువై చావలేదు. తెలియక చచ్చాడు.”

సూరప్ప మెల్లగా లేచి తన బొరియ దగ్గరికి వెళ్ళాడు. అక్కడున్న రాయిని భుజంతో నెట్టాడు. అది దొర్లుకుంటూ పోయి వాగులో పడింది.

“రేపు పొద్దున్నే పిల్లలంతా నా దగ్గరికి రావాలి,” అన్నాడు.

మొదట పోలమ్మ ఒక తీగ పట్టుకుని పాములా ఆడించింది. పిల్లలు పక్కకి దూకడం నేర్చుకున్నారు. ముసలావిడ బుస కొట్టిన తీరు చూసి నవ్వి నవ్వి పడ్డారు కూడా! తర్వాత పిల్లల్ని విషం లేని జెర్రిపోతు ఎదుటికి తీసుకెళ్ళాడు సూరప్ప. అది జాజి చెవి పట్టి చీల్చింది. జాజి తల్లి వీధంతా వినబడేలా తిట్టింది.

“పెద్దాయనవి కదా, నీకు బుద్ధుందా? ఒకడు పోయింది చాలదా?”

సూరప్ప తల దించుకున్నాడు. నిజంగానే మానేద్దామనుకున్నాడు. నెత్తురోడుతున్న చెవితో జాజి దగ్గరికొచ్చింది.

“అది మీదికి దూకే ముందు మెడ వెనక్కి లాగుతుంది తాతా. ఇవాళ చూశాను. రేపు మళ్ళీ రానా?”

“రా అమ్మా,” అన్నాడు సూరప్ప.

ఎండలు ముదిరాక ఆ తాచే మళ్ళీ వీధిలోకి వచ్చింది. ఈసారి పిల్లల్ని ఎవరూ లోపలికి తోయలేదు. పెద్దలు ముందు, పిల్లలు వెనక, చుట్టూ నిలబడ్డారు. సూరప్ప ఎదురెళ్ళాడు. మునుపటి చురుకు ఎక్కడిది? కుడి కన్ను మసకబారింది. ఆ సంగతి పాము ఇట్టే పసిగట్టింది. కుడివైపుకి జరిగి మెడ వెనక్కి లాగింది.

“తాతా, కుడిపక్క నుంచి వస్తోంది! దూకు!” అని అరిచింది జాజి.

సూరప్ప ఎగిరి దూకాడు. పడగ వెళ్ళి నేలకు కొట్టుకుంది. ఇక పిల్లలు ఒకరి తర్వాత ఒకరు ముందుకొచ్చి, కాటు అందకుండా వెనక్కి దూకసాగారు. ఎటు చూడాలో తెలియక పాము అలిసిపోయింది. అప్పుడు సూరప్ప దాని మెడ పట్టి కొరికి చంపాడు.

ఎవరూ కేరింతలు కొట్టలేదు. రత్తమ్మ ఒక పక్కన నిలబడి ఏడుస్తోంది. సూరప్ప ఆమె దగ్గరికి వెళ్ళాడు.

“ఈ పని ముందే చేసుంటే వాడూ ఇక్కడే ఉండేవాడమ్మా.”

“ఉండేవాడు మామయ్యా,” అంది రత్తమ్మ. అంతకన్నా ఏమంటుంది?

పోలమ్మ మోదుగాకులు పరిచి పీతలు తెచ్చింది. “పొద్దుట్నుంచీ ఒక్కరి కడుపులోనూ ఏమీ లేదు. అలా నిలబడ్డారేం? రండి!” అని గదిమింది.

జాజి వెళ్ళి రత్తమ్మ చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, సూరప్ప పక్కన కూర్చోబెట్టింది. తనూ వాళ్ళ నడుమ దూరి కూర్చుంది. చిన్నా పెద్దా ఒకే వరసలో సర్దుకుని, అందరూ తినసాగారు.

నీతి: పిల్లల్ని ఆపద నుంచి దాచిపెడితే చాలదు, దాన్ని ఎదుర్కోవడం నేర్పి, మన పక్కన నిలబడే చోటు కూడా ఇవ్వాలి.