రెండు ఎడమ చేతుల రవిక

అనగనగా ఒక ఊళ్ళో, కాలవ గట్టునే ఉన్న ఊళ్ళో, వరహాలని ఒక కొత్త కోడలు ఉండేది. దుప్పటి కప్పుకో, చెప్తా. ఈ కథలో రాజులూ లేరు, రాక్షసులూ లేరు. ఒక అత్తగారు మాత్రం ఉంది.

వరహాలుది ఎక్కడో మెట్ట ఊరు. ఇక్కడ పలకరించే దిక్కు లేదు. పొద్దున్నే మొగుడు పొలానికి వెళ్ళిపోయేవాడు. అత్త వెంకాయమ్మ రోజుకి నాలుగు మాటలు మాట్లాడేది, ఆ నాలుగూ పనులు చెప్పడానికే. అందుకని పాపం వరహాలు దూడతో కబుర్లు చెప్పుకునేది. దూడ మాత్రం ఎంతసేపని వింటుంది?

అప్పుడు ఆ ఊళ్ళో మహిళా మండలి ఉండేది. గ్రంథాలయం వెనక గది, ఒక తొక్కుడు మిషను, నాలుగు చాపలు, అంతే. వారానికి మూడు మధ్యాహ్నాలు ఆడవాళ్ళంతా అక్కడ చేరేవాళ్ళు. ఒకరు కుట్టు నేర్పేవారు, ఒకరు అల్లిక, ఒకరు కోలాటం. నీ అంత ఉన్నప్పుడు నేనూ బొమ్మకి గుడ్డపీలికలు ఏరుకోడానికి వెళ్ళేదాన్ని. ఆ మిషను నూనె వాసనా, ఆ నవ్వులూ, ఒకరి జడ ఒకరు అల్లడాలూ... ఇప్పుడా గది లేదమ్మా. తలుచుకుంటే ప్రాణం అటే లాగుతుంది.

వరహాలు మొదటి రోజు వీధిలోంచి తొంగి చూసింది. రెండో రోజు గుమ్మంలో నిలబడింది. మూడో రోజు ఎవరో చెయ్యి పట్టుకుని లోపలికి లాగేశారు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి నవ్వుకుంటూ అన్నం వండింది. అది చూసి అత్తకి అనుమానం వచ్చి, సంగతంతా అడిగి తెలుసుకుంది.

"సరే, వెళ్తే వెళ్ళు. మండలి వార్షికోత్సవం నాటికి ఒక రవిక కుట్టి చూపించు. కుదిరిందా, వెళ్దువుగాని. కుదర్లేదా, ఇంటిపట్టున ఉండు," అంది.

ఆ మండలిలో ఒక ఆనవాయితీ ఉండేది. ఎవరైనా తాము కుట్టిన మొదటి రవిక తాము తొడుక్కోకూడదు. మండలిలో నచ్చిన మనిషికి ఇవ్వాలి. ఆ మనిషి అది ఎలా ఉన్నా సరే, వార్షికోత్సవానికి తొడుక్కుని రావాలి. అక్కణ్ణించి వాళ్ళిద్దరూ ప్రాణస్నేహితులన్నమాట.

కుట్టు నేర్పే మాణిక్యమ్మగారిది పెద్ద నోరు. కాస్త వంకర పోయిందా, "ఇది కుట్టా, కాలవ గట్టా?" అనేసేది. అందుకని ఆవిడకి రవిక కుట్టే ధైర్యం ఎవరూ చెయ్యలేదు. వరహాలు కొత్తది కదా, ఇదేమీ తెలీదు. "నేను పిన్నిగారికి కుడతానండీ," అనేసింది. గదిలో అందరూ నోళ్ళు వెళ్ళబెట్టారు. మాణిక్యమ్మగారు మాత్రం టేపు చేతికిచ్చి, చేతులు చాపి నిలబడింది.

ఆ తర్వాత వరహాలు ముందు కాగితం కత్తిరించింది. తర్వాత పాత పంచె మీద కుట్టి చూసింది. రెండూ బాగానే వచ్చాయి. మూడోసారి అసలు గుడ్డ తీసింది, ఆకుపచ్చ పూల గుడ్డ. తీరా చేతుల దగ్గరికి వచ్చేసరికి మిగిలిన ముక్క మడతపెట్టి రెండూ ఒకేసారి కత్తిరించడానికి చాల్లేదు. అందుకని కాగితం పెట్టి ఒక చెయ్యి కత్తిరించింది. అదే కాగితం అలాగే పెట్టి రెండోదీ కత్తిరించింది. తిరగేసి పెట్టాలి మరి! రవిక చేతికి ముందువైపు గుంట ఎక్కువుంటుంది, ఇదిగో, ఇక్కడ. తిరగెయ్యకపోతే రెండూ ఎడమ చేతులే అవుతాయి.

కుట్టేశాక చూసుకుని గతుక్కుమంది. వేరే గుడ్డ లేదు. మర్నాడే వార్షికోత్సవం.

"ఏదీ రవిక?" అని మర్నాడు అత్త అడిగింది.

"కుదర్లేదత్తయ్యా."

"అయితే సరి," అంది అత్త.

వరహాలు దొడ్లో కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది. గుడ్డ పాడైనందుక్కాదు. ఇంక ఆ గదికి వెళ్ళే యోగం లేదని.

అప్పుడు మాణిక్యమ్మగారు దొడ్డిదారినే వచ్చింది. "నా రవికేదే?"

"రెండూ ఎడమ చేతులైపోయాయి పిన్నిగారూ."

"తొడుక్కునేది నేనా, నువ్వా? ఇలా తే."

మధ్యాహ్నం సభకి ఊరి ఆడవాళ్ళంతా వచ్చారు, వెంకాయమ్మతో, వరహాలుతో సహా. ఆకుపచ్చ రవికతో మాణిక్యమ్మగారు ముందు వరసలో కూర్చుంది. చప్పట్లు కొట్టబోతే కుడిచెయ్యి ముందుకి రానంటుంది. చంక దగ్గర పట్టేస్తోంది. అందరూ కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. వెంకాయమ్మ మాత్రం పైకే నవ్వేసింది.

"మా కోడలి పనితనమేనా? విప్పి సరిచేసుకోలేకపోయావా మాణిక్యమ్మా? నీకు చిటికెలో పని."

"ఎందుకు విప్పుతాను వదినా?" అంది మాణిక్యమ్మగారు. "పద్దెనిమిదేళ్ళుగా ఊరందరికీ కుడుతున్నాను. నాకంటూ ఒకరు కుట్టి ఇవ్వడం ఇదే మొదలు."

అంత పెద్ద నోరూ ఆ మాట దగ్గర చిన్నబోయింది. నవ్విన వాళ్ళంతా తలలు దించుకున్నారు.

సభ అయ్యాక వెంకాయమ్మ ముందూ, వరహాలు వెనకా ఇంటికి నడిచారు. గుమ్మంలో కాళ్ళు కడుక్కుంటూ అత్త పిలిచింది.

"ఇదిగో అమ్మాయ్, ఈసారి కాగితం తిరగేసి కత్తిరించు." అటు తిరిగి అంది, "నాకు చేతులు కాస్త పొడుగ్గా ఉండాలి."

సూది చేరె డబ్బాలోకి,
దారం చేరె బుట్టలోకి,
కథ చేరె కంచిలోకి,
మనం చేరాం ఇంటిలోకి.