కూర్చుండిపోయిన బండి

"కాళ్ళు పట్టుకో తాతబ్బాయ్, కాళ్ళు వదిలావంటే ఊరుకోను" అని ఒక కేక వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా వినపడింది.

అంతే, నేతగాళ్ళ వీధిలో మగ్గాలన్నీ ఆగిపోయాయి. ఎవరికో ప్రాణం మీదకి వచ్చిందనుకుని జనం పరిగెత్తుకొచ్చారు. వచ్చి చూస్తే ఏముంది, వాకిట్లో పాత మోటార్‌సైకిల్ ఒక పక్కకి ఒరిగిపోతోంది. పెద్దాడు వీర్రాఘవులు దాని హేండిల్‌కి వేలాడుతున్నాడు. నడిపాడు కోదండం స్పానర్ పట్టుకుని నిలబడ్డాడు. ముప్ఫై ఏళ్ళ చిన్నాడు తాతబ్బాయి నేల మీద బోర్లా పడుకుని కోదండం కాళ్ళు రెండూ వాటేసుకున్నాడు.

"వాడివి కాదురా, బండి కాళ్ళు" అన్నాడు వీర్రాఘవులు.

"ఆ మాట ముందే చెప్పొద్దా అన్నయ్యా? ఇక్కడ ఇన్ని కాళ్ళున్నాయి. ఎవరివని పట్టుకోను?"

వీర్రాఘవులు ఆలోచించి, "నిజమే" అన్నాడు. న్యాయమైన మాటని ఒప్పుకోవడంలో ఆ ఇంటిని మించిన ఇల్లు లేదు.

అసలు ఆ అన్నదమ్ములకి ఉన్నంత తెలివి జిల్లాలో ఇంకెవరికీ లేదని వాళ్ళ నమ్మకం. జిల్లా అంతా తిరిగి చూశారా అంటే, తిరక్కుండానే తెలిసిపోయిందంటే అదెంత తెలివో మీరే అర్థం చేసుకోండి. గేటుకి 'ఇచ్చట సలహాలు ఇవ్వబడును' అని బోర్డు కూడా వేలాడేశారు. అది తలకిందులుగా ఉంటుంది. చెట్టెక్కి చూసేవాళ్ళకి వీలుగా ఉంటుందని అలా కట్టారట.

ఆ ఇంట్లో అంత తెలివి లేని మనిషి ఒక్కతే, వీర్రాఘవులి పెళ్ళాం అలివేలు. పాపం ఆవిడకి అన్నం వండటం, తలుపు గడియ వేసుకోవడం, వానొస్తే బట్టలు తీయడం లాంటి చిన్న చిన్న విషయాలు తప్ప ఏమీ తెలియవు.

ఆవిడ అలిగి పుట్టింటికి వెళ్ళి నాలుగు రోజులైంది. తప్పు బండిదే. బ్రేకు కొడితే చాలు, దాని ముందు భాగం దబ్బున కిందికి వంగేది. వెనక కూర్చున్న అలివేలు ముక్కు మొగుడి వీపుకి కొట్టుకునేది. ఆ శనివారం గొర్రెల మంద అడ్డమొచ్చి బ్రేకు కొడితే, ఆవిడ ఒళ్ళో ఉన్న పులిహోర గిన్నె మొగుడి తల మీదుగా ఎగిరి గొర్రెలకి ఫలహారమైంది.

"ఈ బండి వంగి వంగి దణ్ణాలు పెట్టడం మానేదాకా నేను మీ గడప తొక్కను. బుధవారం మధ్యాహ్నం బస్సుకి వచ్చి చూస్తాను. మానిందా సరి, లేదా అదే బస్సు ఎక్కి వెనక్కి పోతాను. మళ్ళీ పిలవొద్దు" అని వెళ్ళిపోయింది.

ఇంకేముంది, ఇంట్లో తిండి ఆగిపోయింది. ఫోన్ చేసి అడిగితే, "బియ్యం కడిగి, నీళ్ళు పోసి, పొయ్యి మీద పెట్టండి" అంది. పెట్టారు. ముగ్గురూ చుట్టూ కూర్చున్నారు. రెండు గంటల తర్వాత వీర్రాఘవులు మళ్ళీ ఫోన్ చేశాడు.

"పెట్టాం అలివేలూ. ఉలుకూ పలుకూ లేదు."

"మంట పెట్టారా?"

"నువ్వు చెప్పలేదుగా."

"పెట్టండి."

పెరట్లో కొబ్బరి మట్టలకి పెట్టారు. మంట బ్రహ్మాండంగా వచ్చింది. అన్నం మాత్రం రాలేదు. వాళ్ళు ఆ రోజు నుంచీ అటుకులు బుక్కుతూ బతుకుతున్నారు. అందుకని ఇవాళ బుధవారం ఎలాగైనా బండి బాగుపడాలి, అలివేలు గడప తొక్కాలి. వీర్రాఘవులి బెంగంతా అదే.

పొద్దున్నే మెకానిక్ మస్తాన్‌ని పిలిచారు. అతను బండి ముందు భాగాన్ని రెండు సార్లు నొక్కి చూశాడు.

"ముందు షాకులు కూర్చుండిపోయాయి" అన్నాడు.

"ఎంతసేపైంది కూర్చుని?" అన్నాడు కోదండం.

మస్తాన్ వీళ్ళని ఎరిగినవాడు కాబట్టి ఆ ప్రశ్న వినపడనట్టు ఊరుకుని, నెమ్మదిగా చెప్పాడు. "ముందు చక్రానికి అటూ ఇటూ ఈ రెండు గొట్టాలున్నాయి చూశారా, వీటిని కాళ్ళంటాం. లోపల స్ప్రింగూ ఆయిలూ ఉంటాయి. ఆయిల్ పాడైంది. నేను మేనకోడలి పెళ్ళికి పోతున్నాను, సాయంత్రానికి గానీ రాను. ఆగలేమంటే మీరే చేసుకోండి. చక్రం నేలకి ఆనకుండా బండిని లేపండి. కింద చిన్న స్క్రూ, పైన పెద్ద బోల్టు విప్పండి. బోల్టు దగ్గర మొహం పెట్టొద్దు, స్ప్రింగు ఎగిరొస్తుంది. రెండు కాళ్ళలో ఆయిల్ మార్చండి. ఒక్కో కాలికి నూట అరవై మిల్లీలీటర్లు. కింద నుంచి కారడం ఆగితే పని అయినట్టే. అర్థమైందా?"

"మాకు ఒక్కసారి చెప్తే చాలు" అన్నాడు వీర్రాఘవులు.

"నా భయమూ అదే" అని కొత్త ఆయిల్ డబ్బా వాళ్ళ చేతిలో పెట్టి మస్తాన్ వెళ్ళిపోయాడు.

మొదట కోదండానికి అనుమానం వచ్చింది. "అన్నయ్యా, షాకు అన్నాడు. చెక్క మీద నిలబడి ముట్టుకోవాలి" అన్నాడు. ఎంత ముందుచూపు. ఇంటి కరెంటు మెయిన్ ఆపేశారు. మంచం కోడు ఒకటి ఊడబీకి దాని మీద ముగ్గురూ నిలబడ్డారు. ఒక్క కోడు మీద ముగ్గురు నిలబడితే ఏమవుతుందో అదే అయింది. బండి ఒరగడం, ఆ కేక, తాతబ్బాయి అన్నభక్తి అన్నీ అప్పటివే.

జనం నవ్వుకుంటూ వెళ్ళిపోయాక మళ్ళీ మొదలెట్టారు. చక్రం నేలకి ఆనకూడదు కదా. తాతబ్బాయి గోనెసంచి తెచ్చి చక్రం కింద పరిచాడు. "ఇప్పుడు సంచికే ఆనుతోంది. నేలకి ఆనట్లేదు" అన్నాడు. వీర్రాఘవులు వాడి వీపు తట్టాడు.

తర్వాత పైన బోల్టు. మొహం పెట్టొద్దన్నాడని కోదండం మొహం అటు తిప్పుకుని, వీపు పెట్టి, చేతులు వెనక్కి పెట్టి విప్పాడు. బండి బరువంతా స్ప్రింగు మీదే ఉంది కదా, ఇంకేముంది, బోల్టు కోదండం చెవి పక్క నుంచి సర్రున పోయింది. దాని వెనకే స్ప్రింగు ఎగిరి పక్కింటి డాబా మీద పడింది. అక్కడ వడియాలు పెడుతున్న రత్తమ్మ గోడ మీద నుంచి తొంగి చూసింది.

"ఒరేయ్, ఇదేమిట్రా నా వడియాల్లో?"

"స్ప్రింగు పిన్నీ. కాస్త ఎండాక ఇవ్వు" అన్నాడు తాతబ్బాయి.

రెండో స్ప్రింగు కూడా అక్కడికే పంపారు. ఒక్కటే ఉంటే దిగులుపడుతుందని.

ఇక అసలు పని, ఆయిల్ మార్చడం. కింద స్క్రూలు విప్పి, ఎడమ కాలి ఆయిల్ ఒక గ్లాసులోకి, కుడి కాలి ఆయిల్ ఇంకో గ్లాసులోకి పట్టారు. రెండూ కాటుకలా ఉన్నాయి. వీర్రాఘవులు గ్లాసులు రెండు చేతుల్లోకీ తీసుకుని, కళ్ళు మూసుకుని మస్తాన్ మాట గుర్తు తెచ్చుకున్నాడు.

"మార్చండి అన్నాడు. ఎడమది కుడికి, కుడిది ఎడమకి."

"చుక్క తేడా రాకూడదు" అన్నాడు కోదండం.

ఎంతో జాగ్రత్తగా ఎడమ ఆయిల్ కుడి కాల్లో, కుడి ఆయిల్ ఎడమ కాల్లో పోశారు. కింద స్క్రూలు మాత్రం పెట్టలేదు. విప్పమన్నాడు గానీ బిగించమన్నాడా? లేనిపోని సొంత తెలివి చూపించే రకం కాదు వాళ్ళు.

పోసిన ఆయిల్ పోసినట్టే కింద నుంచి కారిపోతోంది. ముగ్గురూ గొంతుక్కూర్చుని చూశారు. కాసేపటికి చివరి చుక్క కూడా పడిపోయింది.

వీర్రాఘవులు మస్తాన్‌కి ఫోన్ చేశాడు. "మస్తానూ, కారడం ఆగిపోయింది."

పెళ్ళి బాజాల మధ్య నుంచి మస్తాన్ అన్నాడు, "శభాష్. ఇంత పని మీరు చేస్తారనుకోలేదు."

"మేం అనుకున్నాం" అన్నాడు వీర్రాఘవులు.

ఫోన్ పెట్టేశాక చూస్తే కొత్త ఆయిల్ డబ్బా మూత కూడా తీయకుండా అలాగే ఉంది.

"మరి ఇది ఎందుకిచ్చాడు?"

"ఒక్కో కాలికి నూట అరవై అన్నాడు అన్నయ్యా. ఎవరి కాలికని చెప్పలేదు" అన్నాడు తాతబ్బాయి.

పొద్దున్నుంచీ నిలబడి వాళ్ళ కాళ్ళు కూడా పీకుతున్నాయి. మెకానిక్ అయ్యుండి మనుషుల కాళ్ళ గురించి కూడా ఆలోచించాడంటే మస్తాన్‌ది ఎంత మంచి మనసో. ముగ్గురూ పంచెలు ఎగగట్టి, తొడల నుంచి పాదాల దాకా ఆయిల్ మర్దనా మొదలెట్టారు. నాలుగు కాళ్ళకి సరిపోయింది, తాతబ్బాయికి అందలేదు. వాడు డబ్బాలో వేళ్ళు పెట్టి నాకబోతే కోదండం చేతి మీద ఒక్కటిచ్చి, "కాలికన్నాడు, నోటికనలేదు" అన్నాడు. ఆ ఇంట్లో ఆ పూట పనికొచ్చిన తెలివి అదొక్కటే.

అప్పుడే వీధి మొదట్లో బస్సు హారన్ వినపడింది. చేతిలో పెద్ద కేరియర్‌తో అలివేలు వచ్చి గేటు దగ్గర నిలబడింది. గడప తొక్కలేదు. మొగుడి కాళ్ళ నిగనిగ చూసింది, గోనెసంచి చూసింది, ముందు భాగం పూర్తిగా నేలకి కుంగి, గడ్డం చక్రానికి ఆనించుకున్న బండిని చూసింది.

"ఏం చేశారు దీన్ని?"

వీర్రాఘవులు బండి పక్కకి వెళ్ళి నిలబడ్డాడు. "దణ్ణాలు పెట్టడం మాన్పించాం. కావాలంటే బ్రేకు పట్టి నొక్కి చూడు."

అలివేలు వెళ్ళి బ్రేకు పట్టుకుని బలమంతా పెట్టి నొక్కింది. బండి అంగుళం కూడా కదల్లేదు. ఎలా కదుల్తుంది, ఇంకా కిందికి వంగడానికి చోటుంటే కదా.

"మానేసింది వదినా. ఒట్టు. మాట అంటే మాటే" అన్నాడు కోదండం.

అలివేలు రోడ్డు వైపు చూసింది. బస్సు ఇంకా ఆగే ఉంది. మొగుడి వైపు చూసింది. నాలుగు రోజుల అటుకులకి దవడలు లోపలికి పోయాయి. నవ్వు ఆపుకుందామనుకుంది, ఆగలేదు. కొంగు అడ్డం పెట్టుకుని గడప తొక్కింది.

"కాళ్ళు కడుక్కుని రండి. గుత్తొంకాయ తెచ్చాను. సాయంత్రం మస్తాన్ వస్తే దీని సంగతి చూద్దాం" అంది. విస్తళ్ళు వేస్తూ వేస్తూ, నోరు ఊరుకోక, "దాన్ని మాత్రం ఎందుకు వదిలేశారు, తీసుకొచ్చి పంక్తిలో కూర్చోబెట్టండి" అంది.

అంతే. అలివేలు వంటింట్లోంచి అన్నం గిన్నెతో వచ్చేసరికి నాలుగో విస్తరి ముందు బండి ఉంది. కుంగిన కాళ్ళతో, బుద్ధిగా, మిగతా ముగ్గురికంటే పద్ధతిగా కూర్చుంది. అలివేలు ఒక్క నిమిషం నిలబడి, ఇంకేం చేస్తుంది, దాని విస్తట్లో కూడా ఒక వంకాయ వేసి, తనూ ఓ ఆకు వేసుకుని కూర్చుంది.

మూడో వాయి అన్నం కలుపుతూ వీర్రాఘవులు పక్కకి చూసి, చెయ్యి ఆపేశాడు.

"ఇది ముద్ద ముట్టలేదు. అలిగినట్టుంది. పుట్టింటికి పోతుందేమో."

తాతబ్బాయి ఎంగిలి చేత్తోనే లేచి వెళ్ళి గేటుకి తాళం వేసొచ్చాడు. తాళంచెవి ఎవరి చేతిలోనూ పడకుండా భద్రంగా బండి విస్తట్లో, వంకాయ పక్కన పెట్టి, మళ్ళీ కూర్చుని పెరుగు వేయించుకున్నాడు.