గేటు ఎత్తాక

వీరాచారి గారు ఎవరేం అడిగినా ఆ రోజున జవాబు చెప్పేవారు కారు. వృత్తికి వడ్రంగి. సాయంత్రాలు తన వసారాలో నలుగురికి వేదాంతం చెప్పేవారు. ప్రశ్న వినగానే "ఉండనీ" అనేవారు. కొన్నాళ్లకి ఏదో జరిగేది. అప్పుడొక మాట అనేవారు.

ఆయన శిష్యుల్లో పురుషోత్తం అని సిమెంటు డీలరు ఉన్నాడు. ఒక గురువారం అడిగాడు: "గురువుగారూ, ఊరంతా అడ్డదిడ్డంగా పోతుంటే నేనొక్కణ్ణి పద్ధతిగా ఉండి ఏం లాభం?"

"ఉండనీ," అన్నారు గురువుగారు.

సోమవారం పొద్దున పురుషోత్తం ఆయన్ని కారులో ఎక్కించుకుని పక్కూరు బయల్దేరాడు. రైలు గేటు వేసి ఉంది. ఎడమ పక్కన బండ్లు వరసగా ఆగి ఉన్నాయి. కుడి పక్క ఖాళీ. అది అవతలినుంచి వచ్చేవాళ్ల దారి. పురుషోత్తం స్టీరింగు తిప్పి, ఆ ఖాళీలోంచి తిన్నగా గేటు దాకా పోయి ఆపాడు.

"ఇది ఎదుటివాళ్లది కదయ్యా," అన్నారు గురువుగారు.

"గేటు తీయగానే దూరిపోదాం గురువుగారూ. రెండు నిమిషాలు."

అప్పటికే అతని వెనక ఒక లారీ, రెండు కార్లు, బోలెడు మోటారు సైకిళ్లు. మనవాళ్లకి ఎవరో ఒకరు మొదలుపెడితే చాలు.

ఇదంతా నాకు తరవాత తెలిసింది. ఆ పూట నేను గేటు అవతల ఉన్నాను. మా వరసలో అందరికంటే ముందున్న ఆటోలో. నా ఒళ్లో పధ్నాలుగేళ్ల నా కూతురు హిమజ. ఉబ్బసం. ఇంట్లో మందు పీల్చినా ఊపిరి అందలేదు. గేటు దాటితే ఆస్పత్రి అర కిలోమీటరు.

రైలు పోయింది. గేటు లేచింది. మా ఆటో పట్టాలు దాటీ దాటగానే ఎదురుగా తెల్ల కారు. జానెడు దూరం. మా వైపు వాళ్లూ తక్కువ తినలేదు, అవతలివాళ్ల పక్కంతా నింపేశారు. ఇక ఎవరూ కదల్లేదు.

"ఆటో పక్కకి తియ్యవయ్యా," అన్నాడు కారులోంచి పురుషోత్తం.

"ఎటు తీయమంటారు సార్? పట్టాల మీద పడుకోబెట్టనా?" అన్నాడు మా డ్రైవరు మస్తాన్. "నా పక్కన నేనున్నా."

"మాటలు బాగా నేర్చావు."

నా బిడ్డ పెదాలు నల్లబడుతున్నాయి. నేను అరవలేదు. ఆ హారన్లలో అరిచినా ఎవరికి వినపడుతుంది? మోటారు సైకిలు మీద ఒకాయన ఆటోలోకి తొంగి చూసి "అయ్యో పాపం" అన్నాడు. అని, తన ముందు చక్రాన్ని ఇంకో బెత్తెడు ముందుకి జరుపుకున్నాడు. ఆ ముఖం నాకింకా గుర్తుంది.

గురువుగారు కారు దిగారు. డెబ్బై దాటిన మనిషి. ఆటోలోకి చూశారు. "ఎత్తుకో నాయనా," అన్నారు మస్తాన్‌తో. హిమజని భుజాన వేసుకుని అతను, వెనక నేను. ముందు గురువుగారు, అడ్డొచ్చిన ప్రతి బండినీ అరచేత్తో చరుస్తూ. ఆటో వదిలేసి పోతున్నారేంటని వెనక ఎవరో తిట్టారు.

"ఇంకో పది నిమిషాలైతే నేను చేసేదేమీ ఉండేది కాదు," అన్నాడు డాక్టరు.

సాయంత్రానికి పిల్ల కళ్లు తెరిచింది. అప్పుడొచ్చాడు పురుషోత్తం, చేతిలో బత్తాయిల సంచీతో. నేను అందుకోలేదు. సంచీ కింద పెట్టి, బెంచీ మీద కూర్చున్న గురువుగారి వైపు తిరిగాడు.

"అక్కడ రెండు వందల బండ్లున్నాయి గురువుగారూ. నా ఒక్కడిదేనా తప్పు?"

ఆయన తన అరచేతులు చూసుకున్నారు. ఎర్రగా కమిలిపోయి ఉన్నాయి.

"రెండు వందల సంగతి నాకు తెలీదయ్యా," అన్నారు. "ఆ పిల్ల ఆటోకి ఎదురుగా ఉన్నది ఒక్కటే."